ఎద్దు ఉచ్చ ఆగితే నెత్తురు ఏం చెబుతుంది

(మండల రైతు సంఘం ఆధ్వర్యంలో జరిగిన పశుపోషకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పశువుల డాక్టర్ని కాను. పదో తరగతి పాసై, ఆ ఏడే మా నాన్న మంచాన పడితే అరక పట్టినవాణ్ణి. గిట్టుబాటు ధర మీద మాట్లాడమంటే, పంటల బీమా మీద మాట్లాడమంటే ఎక్కడైనా మాట్లాడతాను. ఈసారి ఎద్దు ఉచ్చ గురించి మాట్లాడతానంటే మన కార్యదర్శి నవ్వాడు. నవ్వినా ఫర్వాలేదు. ఒక్క ఎద్దు పోతే జోడీ పోయినట్టే. మిగిలినదానికి ఈడూ జోడూ కలిసే ఎద్దు దొరకదు. దొరికినా రెండూ కాడికి అలవాటు పడేసరికి అదును దాటిపోతుంది. చివరికి మిగిలిన ఎద్దునూ సగం ధరకు సంతలో అమ్ముకొని ట్రాక్టరు కిరాయికి అప్పు చేస్తాం. నేను అదే చేశాను. అందుకే ఈ మాట నేను చెప్పాలి.

తొమ్మిదేళ్ల కిందట, ధనుర్మాసంలో. మిరప చేలో గుంటక తోలుతున్న రోజులు. పొద్దున చావిడి ఊడ్చేటప్పుడు మా ఇంటావిడ అంది, "దాపటి ఎద్దు కింద నేల పొడిగా ఉందేంటి?" అని. నేను పట్టించుకోలేదు. చలికాలం కదా, నీళ్లు తాగలేదేమో అనుకున్నాను. అదే నా మొదటి తప్పు. ఎద్దును తోలుకెళ్లి మధ్యాహ్నం దాకా పని చేయించాను కూడా. సాయంత్రానికి అది తోక ఎత్తి ముక్కడం మొదలుపెట్టింది. వెనక కాలితో పొట్టకేసి తన్నుకుంటోంది. పళ్లు కొరుకుతోంది. చూసినవాళ్లంతా కడుపునొప్పి అన్నారు. వాము, ఇంగువ నూరి పోశాం. ఎవరో పేడ గట్టిపడిందంటే ఆముదం పోశాం. ఉచ్చ సంగతి ఎవరికీ తట్టలేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి బండి మీద తిరిగే ఒకాయన వచ్చి చూశాడు. ఉచ్చ ఆగిందని ఆయనే మొదట చెప్పాడు, అంతవరకు మెచ్చుకోవాలి. కానీ వెంటనే ఉచ్చ ఎక్కువగా వచ్చే ఇంజక్షన్ ఒకటి పొడిచాడు. నీళ్లు బాగా తాపమన్నాడు. రెండు బిందెల ఉలవ నీళ్లు గొట్టంతో తాపాం. ఆ రాత్రి ఎద్దు ఒక్కసారిగా నెమ్మదించింది. తన్నుకోవడం ఆగింది. పడుకుంది. తెల్లవారి రెండు గడ్డి పోచలు కూడా నోట పెట్టింది. ఇంట్లో అందరం గండం గడిచిందని అనుకున్నాం. మా అమ్మ పోలేరమ్మకు ముడుపు కూడా కట్టింది.

గండం గడవలేదు. ఉచ్చ సంచి పగిలింది. పగిలితే బిగువు పోతుంది, బిగువు పోతే నొప్పి పోతుంది, పశువు హాయిగా కనబడుతుంది. ఈ ఒక్క మాట మీరు ఇంటికి తీసుకెళ్లినా నేను వచ్చినందుకు ఫలితం ఉన్నట్టే: ఉచ్చ పోయకుండానే నెమ్మదించిన ఎద్దు బాగుపడిన ఎద్దు కాదు.

మూడో రోజు, నాలుగో రోజు పొట్ట కిందికి రెండు పక్కలా దిగుతూ వచ్చింది. మేత తింటోంది కాబట్టి పొట్ట వచ్చిందనుకున్నాం. ఐదో రోజు కళ్లు గుంటలు పడ్డాయి, మేత మానేసింది, నోటి దగ్గరికి వెళ్తే ఉచ్చ వాసన. అప్పుడు ట్రాలీ ఆటోలో ఎక్కించి నలభై కిలోమీటర్ల దూరాన ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు గారు పొట్ట కింద సూది పెడితే పసుపు పచ్చని నీళ్లు ధారగా కారాయి. ఆసుపత్రిలో నెత్తురు పరీక్ష యంత్రం ఉంది గానీ అందులో పోసే మందు అయిపోయి ఆర్నెల్లయిందట. మెడ దగ్గర నెత్తురు తీసి ఒక సీసాలో, పొట్టలో నీళ్లు ఇంకో సీసాలో పోసి నా చేతికిచ్చి, మనుషులకు పరీక్షలు చేసే ల్యాబుకు పంపారు. ల్యాబు కుర్రాడు పేషెంటు పేరు అడిగితే రాముడు అని చెప్పాను. వయసు అడిగితే ఆరేళ్లు అన్నాను. కాగితం చూసి వాడు భయపడిపోయాడు, "పిల్లాడు ఇంకా బతికే ఉన్నాడా?" అని.

క్రియాటినిన్ 14. యూరియా 300 దాటింది. పొట్టలో నీళ్లలో క్రియాటినిన్ 31. ఆ రాత్రి ఆసుపత్రి ఆవరణలోనే ఎద్దు పోయింది. కోసి చూస్తే ఉచ్చ సంచికి వేలు దూరేంత చిల్లు ఉంది. కింద ఉచ్చ గొట్టం మెలిక దగ్గర ఒక రాయి ఇరుక్కుని ఉంది. కందిగింజంత ఉంటుంది. ఆ జోడీని నేను 90 వేలకు కొన్నాను. దాన్ని కందిగింజంత రాయి విడగొట్టింది.

ఆ ఇంజక్షనే చంపిందని నేను ఇప్పుడు అనను. రెండు రోజులు మూసుకుపోయిన సంచి ఎలాగూ పగిలేదేమో. కానీ తూము మూసుకుపోయిన చెరువులోకి పై నుంచి ఇంకా నీళ్లు వదిలితే కట్ట తెగుతుందా తెగదా? మనకు తెలిసిన సంగతే అది. పూర్తిగా బిగిసిన పశువుకు ఉచ్చ పెంచే మందు ఇవ్వకూడదు, బలవంతంగా నీళ్లు తాపకూడదు. పల్లేరు కషాయం, కొండపిండి ఆకు రసం, ఉలవ నీళ్లు, ఇవన్నీ ఉచ్చ ధారగా పోస్తున్నప్పటి మాట. చుక్క కూడా రానప్పుడు వాటితో ఒక రోజు పోగొట్టుకుంటే పశువును పోగొట్టుకున్నట్టే.

ఆవుకూ ఈ రాళ్లు పుడతాయి. కానీ ఆవు ఉచ్చ గొట్టం పొట్టిది, వెడల్పు. రాయి జారిపోతుంది. ఎద్దుది సన్నగా, పొడుగ్గా ఉండి, మధ్యలో పాములా రెండు మెలికలు తిరిగి ఉంటుంది. రాయి ఎక్కువగా ఆ మెలికలోనే ఇరుక్కుంటుంది. దున్న దూడలకూ ఇదే బాధ. విత్తులు మరీ చిన్న వయసులో కొట్టిస్తే గొట్టం సరిగా ఎదగదు, సన్నగానే ఉండిపోతుంది. మన పెద్దవాళ్లు కోడెకు పళ్లు వేశాక గానీ కొట్టించేవాళ్లు కాదు. మెడ, మూపురం బలపడాలని అలా చేసేవాళ్లు. దీనికీ అది మేలే చేసింది.

ఇప్పుడు నెత్తురు సంగతి. ఎద్దు పోయాక ఆ కాగితం నా జేబులోనే ఉంది. దాని మీది అంకెలకు అర్థం ఏమిటో తెలియక నాకు నిద్ర పట్టలేదు. తర్వాత మన సంఘం తరఫున పశువైద్య కళాశాలలో శిక్షణకు వెళ్లినప్పుడు అక్కడి డాక్టర్లను కూర్చోబెట్టి అడిగాను. వాళ్లు ఓపికగా చెప్పారు. నాకు అర్థమైనట్టు మీకు చెబుతాను.

ఒంట్లో మాంసం అరిగి వచ్చే చెత్త క్రియాటినిన్. మేతలోని మాంసకృత్తులు విరిగి వచ్చే చెత్త యూరియా. రెండింటినీ మూత్రపిండాలు వడగట్టి ఉచ్చలో పంపేస్తాయి. ఉచ్చ బయటికి పోకపోతే ఆ చెత్త నెత్తురులోనే పేరుకుపోతుంది. ఇంతవరకు తేలికే. సంచి పగిలాక జరిగేది అసలు తమాషా. పొట్ట లోపల పేగులను కప్పుతూ ఒక పల్చటి పొర ఉంటుంది. దానికి ఇవతల నెత్తురు, అవతల పొట్టలో పడ్డ ఉచ్చ. తడి గుడ్డ అడ్డం కట్టిన రెండు తొట్లు అనుకోండి. ఏది ఎటు ఎక్కువుంటే అది తక్కువున్న వైపుకు నడుస్తుంది. ఉచ్చలో చెత్త ఎక్కువ, ఉప్పు తక్కువ. కాబట్టి యూరియా ఉచ్చలోంచి తిరిగి నెత్తురులోకి వస్తుంది. నెత్తురులోని ఉప్పు, అంటే సోడియం, క్లోరైడ్, పొట్టలోని ఉచ్చలోకి పోతుంది. ఉచ్చ చిక్కన కాబట్టి నీరు కూడా నెత్తురులోంచి అటే లాగుకుపోతుంది.

అందుకే పొట్ట నిండా నీళ్లుండి కూడా ఎద్దు నీరు లేక చస్తుంది. కళ్లు గుంటలు పడతాయి, చర్మం లాగి వదిలితే వెనక్కి పోదు, నెత్తురు చిక్కబడుతుంది. బావి పక్కన దాహంతో పడిపోవడం అంటే ఇదే. మనం పొట్ట చూసి బాగా తింటోందనుకుంటాం.

ఇక క్రియాటినిన్ సంగతి. దాని రేణువు యూరియా కంటే పెద్దది. యూరియా ఆ పొరలోంచి తొందరగా జారి రెండు వైపులా సమం అవుతుంది. క్రియాటినిన్ అంత తొందరగా దాటలేదు. పొట్టలోనే ఎక్కువగా నిలిచిపోతుంది. కాబట్టి పొట్టలో తీసిన నీళ్లలో క్రియాటినిన్ నెత్తురులో ఉన్నదానికి రెండింతలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆ నీళ్లు ఉచ్చే, సంచి పగిలినట్టే. నా ఎద్దుకు 14, 31. రెండింతలు దాటింది. పొట్టలో నీరు చేరడానికి కారణాలు చాలా ఉంటాయి. గుండె దగ్గర మేకు గుచ్చుకున్నా చేరుతుంది, కాలేయం చెడినా చేరుతుంది. ఈ రెండు సీసాల పరీక్ష ఆ గొడవ తేలుస్తుంది. ఖర్చు ఎంత? మా టౌనులో ప్రైవేటు ల్యాబుల్లో రెండు సీసాలకూ కలిపి మూడు నాలుగు వందలు. 90 వేల జోడీ ముందు అదెంత?

ల్యాబు కాగితం చదివేటప్పుడు ఒక జాగ్రత్త. కాగితం పక్కన అచ్చువేసే సాధారణ లెక్క మనుషులది. మనిషికి క్రియాటినిన్ 1.4 దాటితే కంగారు పడతారు. పశువుకు 2 దాకా ఉన్నా మామూలే. యూరియా పశువుకు 20 నుంచి 50 లోపు ఉంటుందనుకోవచ్చు. కొన్ని ల్యాబుల్లో యూరియా అని కాకుండా యూరియా నైట్రోజన్ అని రాస్తారు. అప్పుడు ఆ అంకెను రెండుంబావుకు కాస్త తక్కువ, అంటే 2.14తో హెచ్చవేస్తే యూరియా వస్తుంది. ఇది తెలియక మా ఊళ్లో ఒకరు "మీ ఎద్దుకు 300, మా ఎద్దుకు 140 మాత్రమే, మాది నయం" అని ధీమాగా కూర్చున్నారు. రెండూ ఒకటే.

పొటాషియం సంగతి కూడా చెప్పాలి. మనిషికైతే మూత్రపిండాలు పనిచేయకపోతే పొటాషియం పెరిగి గుండె ఆగుతుందని డాక్టర్లు ముందు దాన్నే చూస్తారు. పశువులో చాలాసార్లు అది పెరగదు, మామూలుగానే ఉంటుంది. మేత మానేస్తుంది కాబట్టి లోపలికి వచ్చే పొటాషియం తగ్గుతుంది. పైగా పశువు చొంగ ఎంత మింగుతుందో తెలుసా? పెద్ద పశువుకు రోజుకు వంద లీటర్లకు తక్కువుండదట. ఆ చొంగ ద్వారా కొంత పొటాషియం నెత్తురులోంచి పొట్ట సంచిలోకి పోతుంది. యూరియా కూడా కొంత అలాగే పోతుంది. నెమరువేసే జంతువుకు దేవుడిచ్చిన రెండో దారి అది. అందుకే మనిషి అయితే తట్టుకోలేని స్థితిలో ఎద్దు నాలుగైదు రోజులు నిలబడుతుంది. ఆ నిలబడటమే మనల్ని మోసం చేస్తుంది. అయితే ఇది అన్ని పశువులకూ ఒకేలా ఉండదు. కొన్నిటికి చివర్లో పొటాషియం పెరుగుతుంది, గుండె దెబ్బతింటుంది. కాబట్టి ఊహించుకోకుండా పరీక్షలో చూడాల్సిందే.

భాస్వరం కూడా పెరుగుతుంది. మామూలుగా 4 నుంచి 7 మధ్య ఉండేది రెట్టింపు కావచ్చు. బాగా పెరిగిందంటే చాలా రోజులుగా ఉచ్చ లోపలే ఉందని అర్థం. భాస్వరం ఎక్కువున్న పశువుకు ఆపరేషన్ చేసినా నిలబడే ఆశ తక్కువని డాక్టర్లు చెబుతారు. ఈ మాట మీకు చేదుగా ఉండొచ్చు. కానీ ఆపరేషన్‌కు, మందులకు పది పదిహేను వేలు అప్పు తెచ్చే ముందు ఆశ ఉందో లేదో చెప్పే కాగితం రైతుకు అవసరమా కాదా? నాకు ఆ రోజు ఎవరూ చెప్పలేదు. చచ్చిపోయే ఎద్దుకు 6 వేల మందులు కొన్నాను.

ఇంకో రకం దెబ్బ ఉంది. సంచి పగలకుండా, కింద రాయి ఇరుక్కున్నచోట గొట్టమే చిట్లుతుంది. అప్పుడు ఉచ్చ పొట్టలోకి పోదు, పొట్ట కింద చర్మంలోకి పాకుతుంది. బొడ్డు దగ్గర నుంచి వెనక కాళ్ల దాకా దిబ్బలా వాస్తుంది. వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఇందులో ఉచ్చ పీల్చుకునే చోటు చిన్నది కాబట్టి నెత్తురు అంత తొందరగా చెడదు. కాగితంలో అంకెలు తక్కువుంటాయి. కానీ ఉచ్చ తగిలిన చర్మం చల్లబడి, నల్లబడి, కుళ్లి ఊడుతుంది. దాన్ని చాలామంది పాము కరిచిందనో, కాడి దెబ్బనో అనుకుని పసుపు పట్టిస్తారు. డాక్టరు గాట్లు పెట్టి ఆ ఉచ్చను బయటికి వదలాలి, పైన వేరే దారి చేయాలి.

మూడేళ్ల కిందట మన సంఘ సభ్యుడే ఒకాయన, పక్క ఊరు, రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "అన్నా, పొద్దుట్నుంచి ఎద్దు తన్నుకుంది, ఇప్పుడు సర్దుకుంది" అన్నాడు. ఉచ్చ పోసిందా అని అడిగాను. లేదన్నాడు. తెల్లారేలోపు బండి ఎక్కించమన్నాను. నేనూ వెళ్లాను. సీసాలు రెండూ తీసుకుని ల్యాబు తలుపు తీసేసరికి గుమ్మంలో ఉన్నాం. క్రియాటినిన్ 6, నీళ్లలో 17. సోడియం 121. పశువుకు 132కు తగ్గకూడదు. క్లోరైడ్ కూడా పడిపోయింది. అంటే సంచి పగిలింది, ఉప్పు పోయింది, కానీ రోజు కూడా దాటలేదు.

ఆ కాగితం చూశాక డాక్టరమ్మ గారు మొదట కత్తి పట్టలేదు. ముందు మామూలు ఉప్పు సెలైన్ ఎక్కించారు. అర లీటరు సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. సాయంత్రం దాకా ఇరవై సీసాలు ఎక్కాయి, లెక్కేసుకోండి, 90 గ్రాముల ఉప్పు. పొటాషియం కలిసిన సెలైన్ వద్దన్నారు, ఉచ్చ దారి తెరుచుకునేదాకా దాని జోలికి పోకూడదట. పొట్టలో నీళ్లను ఒక్కసారి కాకుండా మెల్లగా వదిలారు. తర్వాత పొట్ట పక్కన చిన్న కోత పెట్టి సంచి కుట్టి, సంచిలోకి రబ్బరు గొట్టం పెట్టి దాని రెండో కొస బయటికి తెచ్చి చర్మానికి కుట్టారు. ఉచ్చ ఆ గొట్టం లోంచి చుక్క చుక్కగా పడుతుంది. ఇంటికి పంపేటప్పుడు అమ్మోనియం క్లోరైడ్ పొడి ఇచ్చారు. కళాయి వేసేవాళ్లు వాడే నవాసారమే అది. ఉచ్చను పులుపు చేసి భాస్వరపు రాళ్లను కరిగిస్తుంది. మోతాదు పశువు బరువును బట్టి డాక్టరే చెప్పాలి, సంతలో నవాసారం కొని పోయకండి. పన్నెండో రోజుకు మామూలు దారిన ధార వచ్చింది. గొట్టం తీసేశారు. ఆ ఎద్దు ఈ ఖరీఫ్‌లో కూడా అరక లాగింది. ఆ రబ్బరు గొట్టం ఖరీదు ఎంత అనుకుంటున్నారు? వందల్లోనే.

నా ఎద్దుకూ దానికీ తేడా నాలుగు రోజులు.

మేత సంగతి రెండు మాటల్లో చెబుతాను. తవుడు, పత్తి గింజల చెక్క, ధాన్యాలు, వీటిలో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. మేత మొత్తంలో సున్నం భాస్వరానికి రెండింతలు ఉండాలని లెక్క. పని రోజుల్లో ఎద్దుకు బలం రావాలని తవుడు మీద తవుడు పెడతాం, పచ్చిమేత చూపించం. బండలాగుడు పోటీల గిత్తలకైతే చెప్పనే అక్కర్లేదు, పెళ్లికొడుకుల్లా మేపుతారు. ఇటు వరిగడ్డిలో ఇసుక జాతి, సిలికా, ఎక్కువ. దానితోనూ రాళ్లు పుడతాయి, ఆ రాళ్లకు నవాసారం పనిచేయదు. గడ్డీ తవుడూ మానేయమని నేను చెప్పలేను, మనకున్నది అదే. జొన్న చొప్ప, పప్పుజాతి మేత, జనుము, పిల్లిపెసర ఏది దొరికితే అది కలపండి. ఖనిజ మిశ్రమం కొనేటప్పుడు అందులో సున్నం ఎంత, భాస్వరం ఎంత అని డబ్బా మీద చదవండి. రోజుకు 30 నుంచి 50 గ్రాముల ఉప్పు కుడితిలో వేయండి. ఉప్పు తింటే నీళ్లు తాగుతుంది, నీళ్లు తాగితే ఉచ్చ పల్చబడుతుంది, రాయి కట్టదు. చలికాలం తొట్టిలో మంచు నీళ్లు ఎద్దు ముట్టదు. బోరు వేసినప్పుడు వచ్చే గోరువెచ్చని నీళ్లు పట్టండి.

ఇక చావిడి ఊడ్చే అక్కచెల్లెళ్లకు ఒక మాట. ఈ జబ్బును మొదట కనిపెట్టేది మీరే. నేల పొడిగా ఉందా, ఉచ్చ పోసే చోట వెంట్రుకలకు ఇసుకలాగా తెల్లటి పొడి అంటుకుందా, చూడండి. ఆ పొడి రాయి రాబోతోందని చెప్పే ముందు ఉత్తరం. మీరు చెబితే మగవాళ్లు కొట్టిపారేస్తారు, నేను పారేసినట్టు. అయినా రెండోసారి చెప్పండి.

ఇవన్నీ మనం చేసుకునేవి. ప్రభుత్వం చేయాల్సినవి ఉన్నాయి. 2019 పశుగణనలో దేశంలో గోజాతి పశువులు 19 కోట్ల పైచిలుకు. అందులో ఆడవి పద్నాలుగున్నర కోట్లు. ఎడ్లు, కోడెలు పావు వంతుకు పడిపోయాయి. పథకం ఏది వచ్చినా పాల పశువుకే. పాలు ఇచ్చేదాన్ని చూడొద్దని ఎవరంటారు? కానీ ఎకరం, రెండెకరాల వాడికి, ట్రాక్టరు తిరగని చెలకలున్నవాడికి ఇప్పటికీ ఎద్దే ఆధారం. ఆ ఎద్దుకు జబ్బు చేస్తే మండల ఆసుపత్రిలో సూది, మాత్ర తప్ప ఇంకేమీ లేదు. 1962కు ఫోన్ చేస్తే బండి వస్తుంది, మంచిదే, మా ఊరికి రెండుసార్లు వచ్చింది. కానీ ఆ బండిలో ఎడ్లకు ఆపరేషన్ చేయలేరు కదా.

మనం అడిగేది ఆకాశంలో చుక్కలు కాదు. నాలుగైదు మండలాలకు ఒక ఆసుపత్రిలోనైనా నెత్తురు పరీక్ష యంత్రం పనిచేయాలి. యంత్రం కొనడం ఒక రోజు పండగ, అందులో మందు పోయడం ప్రతి నెలా పని. ఆ నెలవారీ డబ్బు బడ్జెట్లో రాయాలి. ఆపరేషన్ చేయగల డాక్టరును అక్కడ వేయాలి, వేసినాయన్ని వేరే డ్యూటీల మీద తిప్పకూడదు. రబ్బరు గొట్టాలు, నవాసారం పొడి నిల్వ ఉండాలి. బీమా సంగతి కూడా. మా ఊళ్లో ఒకరి ఎద్దుకు బీమా ఉంది, చెవికి ట్యాగు ఉంది, అయినా కోసి చూసిన రిపోర్టు లేదని డబ్బు రాలేదు. ఆ రోజు కోసే డాక్టరు సెలవులో ఉన్నాడు. డాక్టరు సెలవుకు రైతు శిక్ష అనుభవించాడు. అలాంటప్పుడు పక్క మండలం డాక్టరు రిపోర్టు చెల్లేలా రాతపూర్వకంగా ఉత్తర్వు కావాలి.

మన సంఘం తరఫున చేయగలిగింది ఒకటి మొదలుపెట్టాం. ప్రతి ఊరి శాఖ దగ్గర ఎర్ర మూత ల్యాబు సీసాలు పది ఉంచుతున్నాం. నెత్తురు మీరు తీయకండి, కాంపౌండరో డాక్టరో తీస్తారు. మీ పని సీసా మోయడమే. దాన్ని గిలకొట్టకండి, ఎండలో పెట్టకండి. గిలకొడితే నెత్తురు కణాలు పగిలి పొటాషియం లేనిపోని అంకె చూపిస్తుంది. రెండు మూడు గంటల్లో ల్యాబుకు చేర్చండి. సీసా మీద ఏది నెత్తురో ఏది పొట్ట నీళ్లో రాయండి, ఒకసారి మనవాళ్లే తారుమారు చేశారు. టౌనులో రెండు ల్యాబుల వాళ్లు పశువుల నెత్తురు పరీక్షించడానికి ఒప్పుకున్నారు. ఇకముందు పేషెంటు రాముడు అని అబద్ధం చెప్పక్కర్లేదు, ఎద్దు అని రాస్తే చాలు.

వచ్చే సోమవారం పదిన్నరకు పశుసంవర్ధక శాఖ జిల్లా అధికారికి వినతిపత్రం ఇస్తున్నాం. ఊరికి ఇద్దరు చొప్పున రండి. గడిచిన రెండేళ్లలో ఉచ్చ ఆగి ఎద్దు గానీ దున్న దూడ గానీ పోగొట్టుకున్నవాళ్లు ఉంటే పోయిన తేదీ, కొన్న ధర, ఆసుపత్రికి ఎన్నిసార్లు తిరిగారో ఒక కాగితం మీద రాసి తెండి. ల్యాబు కాగితం ఉంటే జిరాక్సు జతచేయండి. నాది పాతబడి మడతల దగ్గర చిరిగింది, అయినా తెస్తున్నాను.